సబ్జెక్టు టీచర్ చదువు: యూనివర్సిటీలో ఆ ఏళ్లను ఎలా వాడుకోవాలి

ఒక సబ్జెక్టును ఎంచుకుని, దాన్ని బడిలో చెప్పడానికి తయారయ్యే చదువు ఏ దేశంలోనైనా మూడు భాగాలుగా ఉంటుంది. మొదటిది ఆ సబ్జెక్టు. రెండోది మనస్తత్వశాస్త్రం, విద్యా తత్వం, మూల్యాంకనం లాంటి పేపర్లు. మూడోది ఈ రెండూ కలిసే చోటు, అంటే మెథడాలజీ (ఆ సబ్జెక్టును ఎలా చెప్పాలో నేర్పే పేపర్), టీచింగ్ ప్రాక్టీస్ (బడిలో పాఠాలు చెప్పడం). మొదటి రెండింటి పరీక్షలకు నిద్ర మానుకుని చదివేవాళ్లు కూడా మూడోదాన్ని మార్కుల కోసం సమర్పించే రికార్డులు నింపి సరిపెట్టేస్తారు. మార్కులు ఎలాగూ పడతాయన్న ధీమా. తీరా ఉద్యోగంలో చేరాక మొదటి నెలలో అక్కరకు వచ్చేది ఆ మూడోదే.

కోర్సులో చేరబోతున్నవాళ్లనూ, చేరి కొన్ని నెలలే అయినవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. గణితమైనా, చరిత్రైనా, భాషైనా కింద చెప్పే పనులన్నీ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి: మీ సబ్జెక్టులో పిల్లలు ఎక్కడ తప్పుతారో, ఏం అనుకుని తప్పుతారో తెలుసుకోవడం.

1. చేరే ముందు ఆరా తీయండి

ఈ చదువుకు రెండు దారులున్నాయి. ఒకటి, ముందు డిగ్రీ పూర్తి చేసి, తర్వాత విడిగా టీచర్ శిక్షణ తీసుకోవడం. భారతదేశంలో రెండేళ్ల బీఎడ్ ఈ దారే. రెండోది, సబ్జెక్టునూ బోధననూ మొదటి ఏడాది నుంచే కలిపి చదవడం. నాలుగేళ్ల సమీకృత కోర్సులు ఈ కోవకు చెందినవి. ఫిన్లాండ్‌లో సబ్జెక్టు టీచర్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. ఆ మొత్తం 300 క్రెడిట్లలో 60 బోధనకు సంబంధించినవి. జర్మనీలో యూనివర్సిటీలో సాధారణంగా రెండు సబ్జెక్టులు చదివి, ఆ తర్వాత చాలా రాష్ట్రాల్లో ఒకటిన్నర నుంచి రెండేళ్లు బడిలో జీతంతో కూడిన శిక్షణ పూర్తి చేయాలి.

ఏ దారి మంచిదన్న చర్చకు అంతం లేదు. టీచర్ కావాలని ముందే గట్టిగా అనుకున్నవాళ్లకు కలిపి చదివే కోర్సు నయమని నా అభిప్రాయం. సబ్జెక్టు నేర్చుకుంటున్నప్పుడే 'దీన్ని ఎలా చెప్పాలి' అన్న ప్రశ్న పక్కన నడుస్తుంది. ఇంకా తేల్చుకోనివాళ్లు ముందు డిగ్రీ పూర్తి చేసుకోవడమే మేలు. మధ్యలో మనసు మారినా చేతిలో డిగ్రీ ఉంటుంది.

ప్రాస్పెక్టస్‌లో భవనాల ఫొటోలు చూసి నిర్ణయం తీసుకోకండి. అక్కడ చదువుతున్న సీనియర్లను పట్టుకుని కొన్ని విషయాలు అడగండి. బడిలో మొత్తం ఎన్ని వారాలు గడుపుతారు? అవి ఒకేసారి కోర్సు చివర్లో వస్తాయా, మధ్యమధ్యలోనా? మీ మెథడాలజీ చెప్పేవారు మీ సబ్జెక్టులోనే చదువుకున్నవారా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, రసాయనశాస్త్రం మెథడాలజీని ఆ సబ్జెక్టు తెలియనివారు చెబితే మీకు దక్కేది లెసన్ ప్లాన్ నమూనా మాత్రమే. మీరు పాఠం చెబుతున్నప్పుడు యూనివర్సిటీ తరఫున చూసే సూపర్‌వైజర్ ఎన్నిసార్లు వచ్చి, ఎంతసేపు కూర్చుంటారు? హాజరు చూసి సంతకం పెట్టి వెళ్లిపోతారా, లేక గంటంతా ఉండి తర్వాత మాట్లాడతారా? యూనివర్సిటీకి అనుబంధంగా బడి ఉందో లేదో కూడా కనుక్కోండి. ఫిన్లాండ్ యూనివర్సిటీలకు ఇలాంటి శిక్షణ పాఠశాలలు ఉన్నాయి. అక్కడి టీచర్లకు పిల్లలకు చెప్పడంతోపాటు మీలాంటివాళ్లను తయారు చేయడం కూడా ఉద్యోగంలో భాగమే.

ఇంకొక్కటి. మీరు చదివిన సబ్జెక్టుల కలయికతో మీరు కోరుకునే పోస్టుకు అర్హత వస్తుందా అన్నది చేరకముందే నియామక నిబంధనల్లో చూసుకోండి. చదువు పూర్తయ్యాక 'మీ ఐచ్ఛికం ఈ పోస్టుకు సరిపోదు' అనిపించుకున్నవాళ్లు తక్కువేం కాదు.

రెండో సబ్జెక్టు ఎంచుకునే అవకాశం ఉంటే, మొదటిదానికి దగ్గరగా ఉండేదాన్నే తీసుకోవాలని లేదు. గణితం, భౌతికశాస్త్రం జోడీ సహజంగానే కలుస్తుంది. కానీ భాష, చరిత్ర కలిపి చదివినవారికి పాఠ్యాన్ని చదవడం నేర్పడంలో ఉన్న బలం వేరు. అసలు ఇష్టం లేని సబ్జెక్టును ఉద్యోగావకాశాల కోసమే తీసుకుంటే మాత్రం, ఆ గంటను రోజూ ఈడ్చుకొచ్చే భారం మీదేనని గుర్తుంచుకోండి.

2. బడి పుస్తకాన్ని మళ్లీ చదవండి

డిగ్రీ చదివినవాళ్లకు ఇది అవమానంలా అనిపిస్తుంది. కలన గణితం చదివినవాళ్లు ఆరో తరగతి భిన్నాలు మళ్లీ చదవాలా? చదవాలి.

జర్మన్ గణిత శాస్త్రవేత్త ఫీలిక్స్ క్లైన్ 1908లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. బడి నుంచి యూనివర్సిటీకి వచ్చిన విద్యార్థికి అక్కడి గణితం తను ఇదివరకు చదివినదానికి సంబంధం లేనట్టు కనిపిస్తుంది. తిరిగి టీచరుగా బడికి వెళ్లాక, యూనివర్సిటీ గణితానికీ తను చెప్పే పాఠానికీ సంబంధం కనిపించదు. దాంతో తనకు చిన్నప్పుడు ఎలా చెప్పారో అలాగే చెప్పడం మొదలుపెడతాడు. అంటే తీగ రెండు చోట్ల తెగిందన్నమాట. నూరేళ్లు దాటినా ఈ పరిస్థితి పెద్దగా మారలేదు.

1999లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా, చైనా ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఒక లెక్క ఇచ్చారు. ఒకటీ ముప్పావును అరతో భాగించాలి. దానికి తగిన చిన్న కథ కూడా అల్లి చెప్పాలి. చైనా టీచర్లు 72 మందీ లెక్క సరిగ్గా చేశారు. అమెరికా టీచర్లలో సరిగ్గా చేసినవాళ్లు సగానికంటే తక్కువ. కథ దగ్గరికి వచ్చేసరికి తేడా మరీ పెరిగింది. విచిత్రమేమిటంటే, ఆ చైనా టీచర్ల మొత్తం చదువు 11, 12 ఏళ్లే. అమెరికా టీచర్లేమో డిగ్రీలున్నవాళ్లు.

ఆ లెక్కను మీరూ ఒకసారి కాగితం మీద పెట్టండి. తిరగేసి గుణిస్తే మూడున్నర వస్తుంది. ఇప్పుడు కథ చెప్పండి. 'ఒకటీ ముప్పావు రొట్టెను ఇద్దరికి సమానంగా పంచాలి' అని మొదలుపెట్టారా? అది రెండుతో భాగించడం. ఒక్కొక్కరికి ఎనిమిదింట ఏడు వంతులు వస్తుంది, మూడున్నర రాదు. 'ఒకటీ ముప్పావు మీటర్ల తాడులో అర మీటరు ముక్కలు ఎన్ని వస్తాయి?' అంటే కుదురుతుంది. మూడు పూర్తి ముక్కలు, ఇంకో సగం ముక్క. ఇక్కడే మరో చిక్కు ఉంది. మిగిలిన తాడు పావు మీటరు కదా, జవాబులో 'అర' ఎక్కడి నుంచి వచ్చిందని ఒక పిల్ల అడుగుతుంది. పావు మీటరంటే అర మీటరు ముక్కలో సగం అని మీరు అప్పటికప్పుడు చూడగలగాలి. తిరగేసి గుణించడం వచ్చినంత మాత్రాన ఇది రాదు.

మీరు చెప్పబోయే తరగతుల పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని వారానికి ఒక అధ్యాయం చొప్పున చదవండి. ప్రతి సూత్రం దగ్గరా, ప్రతి నిర్వచనం దగ్గరా ఆగి 'ఎందుకు' అని రాసుకోండి. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకు అవుతుంది? చరిత్రలో ఈ కాలాన్ని ఇక్కడే ఎందుకు విడగొట్టారు, ఎవరు విడగొట్టారు? వ్యాకరణంలో ఈ సంధి ఇక్కడ జరిగి అక్కడ ఎందుకు జరగలేదు? జవాబు తెలియని 'ఎందుకు'లను మీ సబ్జెక్టు ప్రొఫెసర్ల దగ్గరికి పట్టుకెళ్లండి. కొందరు ఇవి చిన్న ప్రశ్నలని నవ్వేస్తారు. కొందరికి అవే ఇష్టమైన ప్రశ్నలు. ఆ రెండో రకం ప్రొఫెసర్ ఒక్కరు దొరికినా మీ కోర్సు గట్టెక్కినట్టే.

3. తప్పు జవాబుల నోట్‌బుక్ మొదలుపెట్టండి

ఈ మొత్తంలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఒక వ్యాసంలో టీచరుకు ఉండాల్సిన ఒక ప్రత్యేక జ్ఞానం గురించి రాశాడు. అది ఒట్టి సబ్జెక్టు జ్ఞానం కాదు, ఏ పాఠానికైనా పనికొచ్చే సాధారణ బోధన నైపుణ్యమూ కాదు. ఈ పాఠంలో పిల్లలకు ఏది తేలిక, ఏది కష్టం, వాళ్లు ముందే ఏం అనుకుని వస్తారు, ఏ ఉదాహరణ పెడితే అర్థమవుతుంది అన్నవి అందులో ఉంటాయి. భౌతికశాస్త్రంలో పరిశోధన చేసిన వ్యక్తికీ, ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం బాగా చెప్పే టీచరుకూ తేడా అక్కడే. మెథడాలజీ పరీక్షలో షుల్మన్ మీద ప్రశ్న వస్తే మనవాళ్లు రెండు పేజీలు రాస్తారు. ఆ జ్ఞానాన్ని తమ సబ్జెక్టులో కూడబెట్టుకునేవాళ్లు మాత్రం తక్కువ.

దశాంశాలతో ఒక ఉదాహరణ చూద్దాం. 0.35, 0.8లలో ఏది పెద్దదని అడిగారు. ఒకడు 0.35 అన్నాడు. కారణం అడిగితే 35 కంటే 8 చిన్నది కదా అంటాడు. పూర్ణాంకాల పద్ధతినే ఇక్కడికీ తెచ్చుకున్నాడు. పక్కనున్న అమ్మాయి 0.8 అంది. సరైన జవాబే, మీరు సంతోషించి ముందుకు వెళ్లిపోతారు. అదే అమ్మాయిని 0.4, 0.75లలో ఏది పెద్దదని అడగండి. 0.4 అనవచ్చు. పదో వంతులు పెద్దవి, నూరో వంతులు చిన్నవి, కాబట్టి చుక్క తర్వాత అంకెలు తక్కువ ఉన్నదే ఎప్పుడూ పెద్దదని ఆమె అనుకుంటోంది. ఇప్పుడు మొదటి పిల్లాడిని ఈ రెండో ప్రశ్న అడిగితే 0.75 అని సరిగ్గానే చెబుతాడు, 75 పెద్దది కాబట్టి. ఒక్కో ప్రశ్నలో ఒక్కొక్కరు ఒప్పుగా కనిపించారు. ఇద్దరికీ దశాంశం అర్థం కాలేదు. ఏ ప్రశ్న అడగాలో ముందే ఆలోచించుకోకపోతే ఈ తేడా బయటపడదు.

మిగతా సబ్జెక్టుల్లోనూ ఇలాంటివి కోకొల్లలు. పైకి విసిరిన బంతి ఇంకా పైకి వెళ్తోందంటే, చేయి ఇచ్చిన బలం దానిలో మిగిలి ఉండాలని పిల్లలు గట్టిగా నమ్ముతారు. న్యూటన్ సూత్రాలు అప్పజెప్పినవాళ్లు కూడా. 1992లో భౌతికశాస్త్ర బోధకులు ఇలాంటి నమ్మకాలను బయటపెట్టడానికి ఒక పరీక్ష తయారు చేశారు. అందులో లెక్కలు చేయాల్సిన పనే లేదు, ఆలోచిస్తే చాలు. లెక్కలు బాగా చేసే విద్యార్థులే అందులో తడబడ్డారు. రసాయనశాస్త్రంలో గోలేమిటంటే, కళ్లకు కనిపించే మార్పు, కనిపించని అణువులు, బోర్డు మీద సంకేతాలు, ఈ మూడింటి మధ్య టీచరు అలవాటుగా గెంతుతుంటాడు. ఎప్పుడు దేనిలో ఉన్నాడో పిల్లలకు తెలియదు.

జీవశాస్త్రంలో 'చెట్టు బరువు ఎక్కడి నుంచి వచ్చింది' అని అడిగి చూడండి. మట్టి నుంచి అంటారు. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ఒక విల్లో మొక్కను తూచిన మట్టిలో నాటి ఐదేళ్లు పెంచాడు. చెట్టు దాదాపు 74 కిలోలు పెరిగింది, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. మరి ఆ బరువంతా నీళ్ల నుంచి వచ్చిందని తేల్చేశాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. అంత గొప్ప ప్రయోగం చేసినవాడే అక్కడ ఆగిపోయాడని చెబితే, తప్పు చెప్పిన పిల్లాడి ముఖంలో ఇబ్బంది పోతుంది.

చరిత్రలో తప్పు వేరే రకం. 1991లో ప్రచురితమైన ఒక పరిశోధనలో శామ్ వైన్‌బర్గ్ అనే పరిశోధకుడు చరిత్రకారుల చేత, హైస్కూల్ విద్యార్థుల చేత అవే పాత పత్రాలు చదివించాడు. చరిత్రకారులు ముందుగా అది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారని చూశారు. విద్యార్థులు మొదటి వాక్యం నుంచి చివరిదాకా పాఠ్యపుస్తకంలా చదువుకుంటూ పోయారు. భాషా బోధనలో పిట్ కార్డర్ అనే భాషావేత్త 1967లోనే అభ్యాసకుల పొరపాట్లకు విలువ ఉందని వాదించాడు. ఇంగ్లీషులో 'కమ్'కు 'కేమ్' అనకుండా 'కమ్డ్' అన్న పిల్లాడికి భూతకాలం సూత్రం పట్టుబడింది. మినహాయింపు ఒక్కటే ఇంకా తెలియదు. అతన్నీ, అసలు కాలమే మార్చని పిల్లాడినీ ఒకేలా దిద్దితే ఇద్దరికీ అన్యాయమే.

ఇప్పుడు నోట్‌బుక్ సంగతి. పేజీకి నాలుగు గడులు చాలు. మొదటి గడిలో ప్రశ్న. రెండో దాంట్లో పిల్లలు ఇచ్చిన జవాబు, వాళ్ల మాటల్లోనే, మీరు సరిదిద్దకుండా. మూడో గడిలో వాళ్లు ఏం అనుకుని అలా చెప్పి ఉంటారన్న మీ ఊహ. నాలుగో గడిలో ఆ ఊహ నిజమో కాదో తేల్చుకోవడానికి మీరు వేయబోయే ఇంకో ప్రశ్న. నాలుగో గడి ఖాళీగా ఉంటే మొత్తం తప్పుల జాబితాగా మిగిలిపోతుంది. పేర్లు రాయకండి, తరగతి రాసుకుంటే చాలు.

ఇవి ఎక్కడ దొరుకుతాయి? ఎవరినైనా టీచర్‌ను అడిగి, దిద్దిన జవాబు పత్రాలు ఒక గంట చూడండి. తెలిసినవాళ్ల పిల్లలతో పావుగంట కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న మీద మాట్లాడండి. షరతు ఏమిటంటే ఆ పావుగంటలో పాఠం చెప్పకూడదు, 'కాదు' అనకూడదు. 'అలా ఎందుకు అనుకున్నావు?', 'ఇంకోలా అడిగితే?' అంతే. నోరు కట్టుకోవడం ఎంత కష్టమో మొదటిసారి చేసినప్పుడు తెలుస్తుంది.

4. లెసన్ ప్లాన్ రెండుసార్లు రాయండి

ఒకటి రికార్డు కోసం. దానికి యూనివర్సిటీ ఇచ్చిన నమూనా, గడులు, ఎర్ర గీతలు, ఆశించే ప్రవర్తనా మార్పులు అన్నీ ఉంటాయి. నేర్చుకోవడంలోని మెట్లను వరసపెట్టిన 1956 నాటి బ్లూమ్ వర్గీకరణలోని క్రియలను గుర్తుచేసుకుని 'విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, విశ్లేషిస్తాడు' అని వరసగా రాసేస్తారు. రాయండి, మార్కులు కావాలి కదా. దానితో గొడవ పెట్టుకోవడం దండగ.

రెండోది మీ కోసం. ఒక్క పేజీ మించకూడదు. పైన ఒకే వాక్యం: ఈ గంట చివర పిల్లలు ఇప్పుడు జవాబు చెప్పలేని ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి? కింద మీరు అడగబోయే ముఖ్యమైన ప్రశ్నలు మూడో నాలుగో, మాటకు మాట రాసుకోండి. అక్కడికక్కడ అల్లుకునే ప్రశ్నలు ఎక్కువగా 'అర్థమైందా?' దగ్గరే ఆగిపోతాయి. దానికి తరగతి మొత్తం 'ఆఁ' అంటుంది, కథ ముగుస్తుంది. ప్రతి ప్రశ్న పక్కనా పిల్లలు చెప్పగల రెండు మూడు జవాబులు, ఒక్కోదానికి మీరు ఏం చేస్తారన్నది రాయండి. నోట్‌బుక్ ఇక్కడే పనికొస్తుంది.

జపాన్ టీచర్లు ఈ పనిని చాలా శ్రద్ధగా చేస్తారు. అక్కడ కొందరు టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని తయారు చేస్తారు, ఒకరు చెబుతుంటే మిగతావారు పిల్లలను గమనిస్తారు, తర్వాత కూర్చుని చర్చిస్తారు. పిల్లల నుంచి రాగల జవాబులను ముందే ఊహించి ప్లాన్‌లో రాసుకోవడం ఆ పద్ధతిలో ముఖ్యమైన భాగం. బోర్డు మీద ఏది ఎక్కడ రాయాలో కూడా ముందే గీసుకుంటారు. వీలైనంతవరకు గంట మధ్యలో తుడపరు. చివర్లో బోర్డు వంక చూస్తే పాఠం ఎక్కడ మొదలై ఎటు వెళ్లిందో మొత్తం కనిపిస్తుంది. మీ ఒక్క పేజీ ప్లాన్‌లో అడుగున బోర్డు బొమ్మ గీయడానికి నాలుగు అంగుళాల చోటు వదలండి.

టీఎల్ఎం (చార్టులు, బొమ్మల్లాంటి బోధన సామగ్రి) విషయంలో నాకొక ఫిర్యాదు ఉంది. చార్టుల మీద మెరుపు కాగితాలు అంటించడానికి ఆదివారమంతా పోగొట్టుకుని, ఆ చార్టు చూపించి ఏ ప్రశ్న అడగాలో ఆలోచించనివాళ్లే ఎక్కువ. ప్రశ్న లేని చార్టు గోడకు అలంకారం.

5. మైక్రో టీచింగ్‌ను నాటకంలా చేయకండి

1960ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది. ఐదు పది నిమిషాల పాఠం, కొద్దిమంది శ్రోతలు, ఒకేసారి ఒక్క నైపుణ్యం మీదే దృష్టి, తర్వాత విమర్శ, మళ్లీ చెప్పడం. ఆ చివరి 'మళ్లీ చెప్పడం' చాలా చోట్ల ఎగిరిపోయింది. తోటి విద్యార్థులు ఏడో తరగతి పిల్లల్లా బుద్ధిగా చేతులెత్తి సరైన జవాబులు చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. దీనివల్ల లాభం సున్నా. మీ స్నేహితులకు ముందే చెప్పండి: నోట్‌బుక్‌లోని తప్పు జవాబులు తీసుకుని, ఆ పిల్లల్లాగే పట్టుబట్టి వాదించమనండి. రెండోసారి చెప్పే అవకాశం టైంటేబుల్‌లో లేకపోతే సాయంత్రం ఖాళీ గది చూసుకోండి.

6. బడికి వెళ్లినప్పుడు

మొదటి వారం చూడడానికే. ఇక్కడ ఒక చిక్కుంది. బోధన ఎలా ఉంటుందో మీకు తెలుసని మీరు అనుకుంటున్నారు. సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో వేసిన అంచనా ప్రకారం అమెరికాలో బడి చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి దాదాపు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడుపుతాడు. అన్ని గంటలు చూసినా బెంచీ మీద నుంచి కనిపించింది టీచరు చేసిన పనే. ఆ పని ఎందుకు ఎంచుకున్నారో, దేన్ని వదిలేశారో కనిపించదు. అందుకే ఏమీ ఆలోచించకుండా చెబితే మీకు చెప్పిన టీచర్లలాగే చెబుతారు.

కాబట్టి పరిశీలనకు కూర్చున్నప్పుడు టీచరును కాసేపు పక్కన పెట్టి, ఒక్కరిద్దరు పిల్లలను ఎంచుకుని గంటంతా వాళ్లనే గమనించండి. పెన్ను ఎప్పుడు ఆగింది, పక్క నోట్‌బుక్‌లోకి ఎప్పుడు తొంగి చూశారు, ఎప్పుడు చేయి సగం ఎత్తి దించేశారు. పాఠం అయ్యాక మెంటర్ టీచర్‌తో (బడిలో మీకు దారి చూపే టీచర్) 'పాఠం చాలా బాగుంది మేడం' అనడంతో ఆగకండి. 'ఆ లెక్క వదిలేసి దీన్ని ముందు చేయించారు, ఎందుకు మేడం?' అని అడగండి. పాతికేళ్ల అనుభవం ఉన్నవారు చాలాసార్లు కారణం చెప్పకుండానే చేసుకుపోతుంటారు. అడిగితే తప్ప బయటికి రాదు. అడిగే తీరులో తప్పు పడుతున్నట్టు వినిపించకుండా చూసుకోండి, అంతే.

మీరు చెప్పే రోజుల్లో టెన్షన్ సహజం. మొదట్లో మాట వేగం పెరుగుతుంది, ముప్పావు గంట పాఠం ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అందుకు పనికొచ్చే ఒక చిన్న మందు ఉంది. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో కొలిచింది. సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడేవాళ్లు పెరిగారు, 'తెలియదు' అనడం తగ్గింది. ప్రశ్న వేశాక మనసులో నెమ్మదిగా మూడు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మీకు యుగంలా అనిపిస్తుంది, పిల్లలకు మాత్రం ఆలోచించుకోవడానికి చాలీచాలని సమయం. జవాబు విన్నాక కూడా వెంటనే 'వెరీ గుడ్' అనకుండా ఇంకో మూడు సెకన్లు ఆగండి. పక్కవాళ్లు ఏదో ఒకటి అందుకుంటారు.

గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు ఒక చిట్టీ రాయించండి. ఒకే ప్రశ్న, రెండు మూడు వాక్యాల జవాబు, పేరు అక్కర్లేదు. సాయంత్రం వాటిని మూడు కుప్పలు చేయండి: అర్థమైనవి, సగం అర్థమైనవి, వేరే దారిలో వెళ్లినవి. మర్నాటి పాఠం మూడో కుప్పతో మొదలవ్వాలి. ఆ కుప్పలోని ఒక జవాబును బోర్డు మీద రాసి, 'ఇలా కూడా ఆలోచించవచ్చు కదా, సరేనా చూద్దాం' అని ఆ ఆలోచనను పరీక్షకు పెట్టండి. ఎవరు రాశారో చెప్పకూడదు.

అల్లరి గురించి ఒక్క మాట. కొత్త టీచర్‌ను పిల్లలు ఎక్కడైనా పరీక్షిస్తారు. గొంతు పెంచడం రెండు రోజులు పనిచేసి మూడో రోజు ఆగిపోతుంది. తరగతిలోకి అడుగుపెట్టిన వెంటనే చేయడానికి ఒక చిన్న పని బోర్డు మీద ఉంటే సగం గొడవ అక్కడే తగ్గుతుంది. మిగతా సగానికి మెంటర్ టీచర్ సాయం అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు.

బడి అనుమతి, పిల్లల తల్లిదండ్రుల అనుమతి ఉంటే ఒక పాఠాన్ని వీడియో తీయించుకోండి. మీరు మాత్రమే చూసి తొలగించేయాలి. మొదటిసారి చూసినప్పుడు మన గొంతు మనకే నచ్చదు, దాన్ని దాటేయండి. రెండోసారి చూస్తూ ఒకటే లెక్కించండి: మొత్తం గంటలో మీరు మాట్లాడిందెంత, పిల్లలు మాట్లాడిందెంత.

సూపర్‌వైజర్ వచ్చే రోజు కోసం ప్రత్యేక పాఠం దాచిపెట్టుకోవడం అందరూ చేసేదే. చేతనైతే దానికి బదులు మీకు కష్టంగా ఉన్న పాఠమే ఆ రోజు చెప్పండి. ముందుగా 'ఫలానా చోట నాకు కుదరడం లేదు, అక్కడ గమనించండి' అని చెబితే ఆయన కూడా 'స్వరం పెంచాలి, బోర్డు మీద రాత బాగుంది' లాంటి మాటలు వదిలి అసలు విషయం మాట్లాడతారు. మార్కుల మీద మరీ పంతంగా ఉండే సూపర్‌వైజర్ అయితే మాత్రం ఈ సాహసం వద్దు. ఆ పని మెంటర్ టీచర్‌తో చేసుకోండి.

7. థియరీ పేపర్లు, ప్రాజెక్టు

పిల్లలు ఎలా ఎదుగుతారో, ఎలా నేర్చుకుంటారో చెప్పిన పియాజె, వైగోట్‌స్కీ, ఇంకా మూల్యాంకన రకాలు, విద్యా చరిత్ర. వీటిని బడికి వెళ్లకముందు ఒకసారి, వెళ్లొచ్చాక ఇంకోసారి చదవండి. మొదటిసారి పరీక్షకు. రెండోసారి చదువుతున్నప్పుడు తరగతిలో చూసిన ఒక పిల్లో పిల్లాడో గుర్తొచ్చి వాక్యం తగులుతుంది.

కోర్సు చివర ప్రాజెక్టు రాయాల్సి ఉంటే 'విద్యార్థుల వైఖరి మీద అధ్యయనం' లాంటి పెద్ద అంశం జోలికి పోకండి. ప్రశ్నావళి పంచడం, శాతాలు వేయడం, ఎవరూ చదవకపోవడం, అంతా మామూలే. మీ నోట్‌బుక్‌లో పదేపదే కనిపించిన ఒక్క తప్పును తీసుకోండి. అది ఎంతమందిలో ఉంది, ఎన్ని రకాలుగా ఉంది, మీరు మార్చి చెప్పిన పాఠం తర్వాత ఏమైంది. అంశం చిన్నదే అయినా మీరు చెప్పగలిగింది గట్టిగా చెప్పగలుగుతారు, వైవాలో ఎవరు ఏం అడిగినా తడుముకోనక్కర్లేదు.

8. ఉద్యోగానికి డెమో ఇచ్చేటప్పుడు

డెమోకు, అంటే నమూనా పాఠం చెప్పి చూపించడానికి, పిలుపు రాగానే మూడు విషయాలు అడగండి: ఏ తరగతి, ఎంత సమయం, ముందు పాఠంలో వాళ్లు ఏం చదివారు. ఎదురుగా నిజం పిల్లలు ఉంటారా, లేక కమిటీ సభ్యులే పిల్లల్లా కూర్చుంటారా అన్నది కూడా కనుక్కోండి. రెండో రకంలో జవాబులు రావు, మీరే తప్పు జవాబు తెచ్చి పెట్టాలి: 'పిల్లలు ఇక్కడ సాధారణంగా 0.35 పెద్దదంటారు, అప్పుడు నేను ఇలా అడుగుతాను' అని. పాఠం మొత్తం పూర్తి చేయాలన్న ఆత్రం వద్దు. పదిహేను నిమిషాలిస్తే ఒక్క భావన, రెండు ప్రశ్నలు, శుభ్రంగా ఉన్న బోర్డు చాలు. తర్వాత ఇంటర్వ్యూలో 'మీ సబ్జెక్టులో పిల్లలకు కష్టమైన పాఠం ఏది, ఎలా చెబుతారు?' అన్న ప్రశ్న తరచూ వస్తుంది. నోట్‌బుక్‌ను వెంట తీసుకెళ్లండి, అడిగితే తీసి చూపించండి.